మల్లిక జారితే కాలువ నిండింది

ఎక్కడో మంచు మీద ఎవరో జారితే మన సాగర్ కాలువకు నీళ్లొస్తాయా పిల్లలూ? రావా? అయితే మీరు మన హాలియా బక్కయ్య నోట వినలేదన్నమాట.

బక్కయ్య బిడ్డ మల్లిక ఆర్కిటెక్ట్ చదువు పూర్తి చేసింది. అంటే, ఇల్లు కట్టకముందే ఏ గది ఎక్కడ, గాలి ఎటునుంచి అని గీసిచ్చే చదువు. నల్గొండలో ఓ గది కిరాయికి తీసుకొని బోర్డు పెట్టింది గానీ, ఒక్క ఇంటి పనీ రాలేదు. అప్పుడే బెంజమిన్, అతని భార్య మెర్సీ ఇల్లు కడుతున్నారని తెలిసింది. ఆ పని బిడ్డకే దక్కాలని, ఇటుకల బేరానికొచ్చి చాయ్ హోటల్‌లో కూర్చున్న వాళ్ల పక్కన చేరాడు బక్కయ్య.

"మా మల్లికను కాలేజోళ్లు మనాలి తోల్కపోయిండ్రు బావా. కాళ్లకు పొడుగు చెక్కలు కట్టుకొని మంచు మీద జారుతరు సూడు, స్కీయింగ్! గా ఆట జర నేర్చుకున్నది."

"మంచిదే," అన్నాడు బెంజమిన్.

ఆ మాట బక్కయ్యకు చప్పగా తోచింది.

"జర ఏంది, ఒలింపిక్స్‌కే పిలిచిండ్రు! ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? పందెం షురువని తుపాకి పేల్చకముందే కిందికొచ్చి చాయ్ తాగుతాంది. ఆమె జారిన వేడికి కొండ మంచంత కరిగిపాయె. గా నీళ్లే గదా మొన్న మన కాలువల నిండుగ పారింది!"

"ఓహో, నా వరి నాటు కొట్టుకపోయింది గందుకేనా?" అన్నాడు పక్క బల్ల మీది కిష్టయ్య.

"ఆగు కిష్టన్నా! గాల్లకు ఎగిరింది సూడు, దిగేలోపల ఇంటి ప్లాను గీసింది. కాళ్లు ఆనేసరికి గోడలు లేచినయి. అప్పటిసంది ఆర్కిటెక్టే! నీ ఇంటికి గూడ మంచుకొండ లెక్క వాలు కప్పు ఏస్తది బావా. కాకి వచ్చి కూసున్నా జారిపోవాలె!"

మెర్సీ గ్లాసు కింద పెట్టింది.

"వాలు కప్పైతే మిరపకాయలు యాడ ఆరబోయాలె అన్నా? ఎండకాలం మంచాలు యాడ ఏసుకోవాలె?"

హోటలంతా గొల్లుమంది. బిడ్డకు రాబోయే మొదటి పనిని తానే చెడగొట్టానే అనుకుంటూ బక్కయ్య లేవబోయాడు.

"మల్లిక మొన్ననే మా జాగ సూసిపోయింది," అంది మెర్సీ. "'మిరపకాయలు యాడ ఆరబోస్తవ్ అత్తా?' అని ముందుగాల గదే అడిగింది. మనాలిల జారుడు కన్న పడుడే ఎక్కువని గూడ చెప్పింది. పని ఆమెకే ఇచ్చినం. నువ్వు మాత్రం మేస్త్రీ ముంగట నోరు తెరువకు."

బక్కయ్య కండువాతో ముఖం తుడుచుకొని, అందరి వైపూ తిరిగాడు.

"నా బిడ్డ!" అన్నాడు. ఆ రెండు మాటల్లో కోతలు లేవు.

ఇక జరగండి, నన్ను లేవనివ్వండి. చాటలో చింతపండు సగమే గింజ తీశాను.