మూడు నిమిషాలు పలకని యంత్రం

సౌండు మావయ్య నోరు తెరిచాడంటే చేతిలో టీ చల్లారిపోవాల్సిందే. ముప్పై ఏళ్లుగా హాళ్లలో మైకులు పెట్టి, తీగలు పరిచి, మిక్సర్ బల్ల ముందు కూర్చుంటున్న మనిషి. పనిలో ఆరితేరాడు, కోతల్లో అంతకన్నా ఆరితేరాడు. ఆయన చెప్పేదాంట్లో పదోవంతు నమ్మినా ఎక్కువేనని ఇంట్లోవాళ్లే అంటారు, అయినా ఎక్కడికెళ్లినా కుర్చీలన్నీ ఆయన చుట్టూనే చేరతాయి.

ఆ మధ్యాహ్నం మాత్రం ఆయన సరదాకి నోరు తెరవలేదు. హాలు పక్కనున్న టీకొట్టు బెంచీ మీద, ఎదురుగా, ఆయన మేనకోడలు కూర్చుంది. ఒళ్లో కంప్యూటరు సంచీ, జిప్పు పెట్టేసి ఉంది. సాయంత్రం రెండో ప్రదర్శన. వేదిక మీద ఫిడేలు వాయించే పెద్దావిడ, పక్కన మేనకోడలు ప్రోగ్రాము రాసిన యంత్రం, అంటే ఆ సంచీలోని కంప్యూటరే. ఆవిడ ఒక ముక్క వాయిస్తే అది విని, అప్పటికప్పుడు బదులు వాయించాలి. ముందే కూర్చుకున్న పాటంటూ ఏమీ ఉండదు. రిహార్సల్లో ఇద్దరూ పోటీపడి వాయించారు గానీ, మొదటి ప్రదర్శనలో యంత్రం మూడు నిమిషాలపాటు కిక్కురుమనలేదు, ఆ తర్వాత దానంతటదే పలికింది. పదకొండు రోజులు వెతికినా తప్పు దొరకలేదు. "ఇవాళ మీరొక్కరే వాయించండి పెద్దమ్మా, నా యంత్రం వద్దు" అని మేనకోడలు పొద్దున్నే చెప్పేసింది. రెండేళ్ల కష్టం. ఆ మాట చెవిన పడ్డప్పట్నుంచీ మావయ్యకి ముద్ద దిగలేదు.

"తప్పుంటే కదమ్మా దొరకడానికి!" అంటూ మొదలుపెట్టాడు. "ఆ రోజు అసలేం జరిగిందో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. పొద్దున హాల్లో అడుగుపెట్టగానే సన్నగా జుయ్యిమని ఒక చప్పుడు. ఎవరికీ వినపడదు, నాకు వినపడింది. మూడో వరస, ఏడో లైటు అన్నాను. విప్పి చూస్తే అదే!"

"ఇది మాత్రం నిజమే. నేనూ అక్కడే ఉన్నాను," అంది పక్క బెంచీ మీదున్న ఫిడేలు పెద్దావిడ, గ్లాసు ఊదుకుంటూ.

"విన్నారా? పెద్దావిడే ఒప్పుకున్నారు! ఆ చెవులతోటే సాయంత్రం నాకు ఇంకోటి వినపడింది. ఈవిడ ఫిడేలు కమాను ఎత్తారు, మొదటి ముక్క వాయించారు, యంత్రం ఉలకదు పలకదు. చెడిపోయిందనుకున్నారు జనం. వాళ్లకేం తెలుసు? అది సిగ్గుపడింది! సిగ్గుపడే యంత్రం చప్పుడే వేరు, లోపల ఫ్యాను తల దించుకుని తిరుగుతుంది."

"ఫ్యాను తల దించుకుంటుందా?" టీ వడపోస్తున్న కొట్టతను చెయ్యి ఆపాడు.

"నీ పని నువ్వు చూసుకో, టీ పొంగిపోతోంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంత పెద్దావిడ వాయిస్తుంటే మధ్యలో నేను నోరు తెరవడమేంటని యంత్రం ఊరుకుంది కదా, దాన్ని చూసి హాల్లో ఫోన్లన్నీ ఊరుకున్నాయి. నాలుగొందలమంది జేబుల్లో ఒక్కటి మోగితే ఒట్టు! లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగి చెవొగ్గింది, లోపలున్నవాళ్లు గంట కూడా కొట్టలేదు. బయట కూడలిలో నాలుగువైపులా ఎర్రలైటు పడింది, పచ్చలైటుకి వెలగబుద్ధి కాలేదు. వెనకవీధిలో వాషింగ్ మెషిన్లు నురగతో సహా ఎక్కడివక్కడ ఆగిపోయి..."

"మా ఇల్లు వెనకవీధిలోనే. మాది ఆగలేదే?" అన్నాడు కొట్టతను.

"మీది కొత్తదయ్యా. దానికింకా సంగీతం పట్టుబడలేదు."

కొట్టతను పగలబడి నవ్వాడు. పెద్దావిడా నవ్వింది. మేనకోడలు నవ్వలేదు. చిన్నప్పుడు ఈయన కోతలకి కడుపు పట్టుకుని నవ్విన పిల్ల, ఇప్పుడు సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఆ మూడు నిమిషాలూ వేదిక మీద ఆ పిల్ల మొహం ఎలా ఉందో హాలు చివర్నుంచి చూశాడాయన. అంతమంది ముందు తన తప్పేదో బయటపడిపోయినట్టు కుంచించుకుపోయింది. ఆ మొహం కళ్లముందు నుంచి పోవడంలేదు. ఇంకాస్త గట్టిగా చెబితే పోతుందేమోనని గొంతు పెంచాడు.

"మూడు నిమిషాలయ్యాక ఇక లాభం లేదని నేనే రంగంలోకి దిగాను. వంగి, దాని చెవిలో ఒక్కటంటే ఒక్క మాట చెప్పాను."

"ఏమని?" అంది పెద్దావిడ.

"'నాయనా, ఆవిడ ఎంతసేపని ఒంటరిగా వాయిస్తుంది, నిన్నే పిలుస్తోంది, పలకరా' అన్నాను. అంతే! పలికింది చూడండీ, హాల్లో ఫ్యాన్లు వెనక్కి తిరిగాయి! వెళ్లిపోదామని లేచినవాళ్ల చెప్పులు నేలకి అతుక్కుపోయాయి. ఆఖరికి గోడగడియారం ఉందే, అది మూడు నిమిషాలు వెనక్కి నడిచి, ఎవరి మూడు నిమిషాలు వాళ్లకి తిరిగి ఇచ్చేసింది. అంచేత ఆ మూడు నిమిషాలూ అసలు జరగనే లేదు. ఎవరి తప్పూ లేదు. సంచీ విప్పు తల్లీ."

"నాకైతే తిరిగి ఇవ్వలేదయ్యా," అంది పెద్దావిడ మెల్లగా. "పిలిచి పిలిచి చెయ్యి లాగేసింది."

మేనకోడలు తలెత్తింది.

"మావయ్యా, నువ్వు ఆ రోజు వేదిక మీదకి రాలేదు."

"ఎందుకు రాలేదూ..."

"యంత్రం పక్కనే నేను కూర్చున్నాను. దాన్ని వదిలి కదల్లేదు. ఎవరూ రాలేదు. నువ్వు హాలు చివర నీ బల్ల దగ్గరే ఉన్నావు."

"దూరం నుంచే చెప్పానమ్మా, నా గొంతు సంగతి నీకు..."

"దాని చెవంటే ఫిడేలు దగ్గర పెట్టిన చిన్న మైకు. ఆ మైకు తీగ ముందు నీ బల్లకి వచ్చి, అక్కణ్నుంచి నా యంత్రానికి వెళ్తుంది. దాని చెవిలో ఏదైనా పడాలంటే నీ బల్ల మీద జరగాలి." ఆ పిల్ల గొంతు పెంచలేదు. "ఆ మూడు నిమిషాలయ్యాక నీ బల్ల మీద ఏం చేశావు?"

మావయ్య నోరు తెరిచాడు. నాలిక మీద మూడు కోతలు సిద్ధంగా ఉన్నాయి, ఒకదాన్ని మించింది ఒకటి. ఏది చెప్పినా కొట్టతను నవ్వుతాడు. కానీ సంచీ విప్పాల్సిన పిల్ల విప్పదు.

"మీట నొక్కాను," అన్నాడు.

"ఏ మీట?"

"మైకు మూసే మీట. మూసి ఉంది. తెరిచాను." మళ్లీ తనే అన్నాడు. "మూసిందీ నేనే. ఆ చిన్న మైకు చప్పుడు స్పీకర్లలోకి రాదు కదా. జనానికి వినిపించని మైకు బల్ల మీద కనపడితే, అక్కర్లేదనుకుని మూసేయడం ముప్పై ఏళ్ల అలవాటు. చెయ్యి దానంతటదే పోయింది. జనం కోసం కాదు, యంత్రం వినడానికని చిలక్కి చెప్పినట్టు చెప్పావు నువ్వు. గుర్తొచ్చేసరికి మూడు నిమిషాలైంది."

కొట్టతను స్టవ్వు తగ్గించి, అక్కర్లేకపోయినా గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు.

"చప్పుడు చెవిన పడితే కంప్యూటరు తెర మీద ఒక గీత కదలాలి, అది కదల్లేదు. నా ప్రోగ్రామే వినడం మానేసిందనుకున్నాను," అంది మేనకోడలు. "పదకొండు రోజులు, మావయ్యా. ఒక్కో వరసా నాలుగేసిసార్లు చదివాను. ఈ పని నాకు చేతకాదేమో, వదిలేద్దామా అనుకున్నాను."

"చెప్పాలనే వచ్చానమ్మా, రోజూ. ముసలాడైపోయాడు, ఇక ఇంట్లో కూర్చోమంటారేమోనని భయమేసింది. రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది." మావయ్యకి కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు.

పెద్దావిడ గ్లాసు కింద పెట్టింది. "అదంతా తర్వాత తేల్చుకోండి. సాయంత్రం నీ యంత్రం ఉంటుందా, ఉండదా? నాకది చెప్పు."

"ఉంటుంది పెద్దమ్మా," అంటూ మేనకోడలు లేచింది.

మావయ్య లేవలేదు. "మరి బల్ల దగ్గర ఇంకెవరినైనా చూసుకుంటావా?"

"నువ్వే కూర్చో. ప్రదర్శన అయ్యాక జనం ముందుకొచ్చి ఈ కథ చెప్పాలి."

"ఏ కథ?"

"ఇప్పుడు చెప్పిందే. లిఫ్టూ, ఎర్రలైట్లూ, గడియారం, అన్నీ ఉండనీ. మైకు మూసింది నువ్వని మాత్రం మొదట చెప్పు."