నున్నటి మెడ

చిత్రకారుడు బొమ్మ మీది గుడ్డ తీశాడు. ఫిడేలు విద్వాంసురాలు కళ్ళజోడు సవరించుకుని దగ్గరికొచ్చింది.

“మెడ మీద నా మచ్చేది నాయనా?”

“వెయ్యలేదమ్మా. నేను నమూనాగా పెట్టుకున్న పాత చిత్రంలో రాణి మెడ నున్నగా ఉంటుంది. మిమ్మల్నీ అలాగే చూపిద్దామని...”

“అది పుట్టుమచ్చ కాదు. చిన్నప్పట్నుంచీ ఫిడేలు ఆనీ ఆనీ కాయకాసిన చోటు. పెళ్ళినాడు మా అమ్మ పౌడరద్ది దాచేసింది. మళ్ళీ ఇన్నాళ్ళకి నువ్వు.”

చిత్రకారుడికి తల కొట్టేసినట్టయింది.

“నా కచేరీలన్నిటికీ ముందు వరసలోనే కూర్చునేవాణ్ణన్నావు?”

“ఒక్కటీ వదల్లేదమ్మా. ఉండండి, ఇప్పుడే దిద్దేస్తాను.” తడబడుతూ కుంచె అందుకున్నాడు. “ఏ వైపమ్మా?”

అడిగేశాక గానీ తానేమడిగాడో అతనికి తెలియలేదు.

ఆమె శాలువా మెడదాకా లాక్కుంది.