రాచ్చిప్ప చారు

2021 మార్చి, డబ్లిన్ శివారు లూకన్. కోవిడ్ లాక్‌డౌన్‌లో ఇంటి నుంచి ఐదు కిలోమీటర్లు దాటకూడదన్న రోజులు. ఆదివారం మధ్యాహ్నం పద్మనాభం గాలంతో కాలవ గట్టు నుంచి తిరిగొచ్చాడు. భార్య గిరిజాకుమారి కంచం పెడుతోంది.

“నీళ్ళేవి?”

“ఏ నీళ్ళు?”

“గింజలు ఉడికిన నీళ్ళే! డబ్బా తీస్తే గింజలు పొడిగా ఉన్నాయి. నల్లగా, నూనె తేలుతూ ఉంటాయే, వాసనంతా ఆ నీళ్ళలోనే ఉంటుంది. పొద్దుట్నుంచీ గుప్పెడు గుప్పెడు వేస్తూ కూర్చున్నాను. ఒక్క చేపా పడలేదు.”

“ఎక్కడికీ పోలేదులెండి. ఇంట్లోనే ఉన్నాయి. చెయ్యి కడుక్కోండి.”

“చేపలకి మేత ఉడకెయ్యడం కూడా రాదు నీకు.”

“గంజాయి గింజలు ఉడకెయ్యడం మా అమ్మ నేర్పలేదండీ.”

“గట్టిగా అనకు. పక్కింటివాళ్ళకి ఆ ఒక్క మాటా అర్థమవుతుంది. హెంప్ అను. మత్తుండదు వాటికి.”

“దానికి మా అమ్మ రాచ్చిప్పే దొరికిందా? విజయవాడ నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను.”

“రాతిది కదా, వేడి నిలుస్తుంది. గింజ పగిలి తెల్లగా మొలక కనపడుతుంది. నీ చేతిలో ఉన్నన్నాళ్ళూ ఏం ఉడికిందట అందులో?”

“ఉలవచారు.”

“కుడితి. లాక్‌డౌన్‌కి ముందు మన కృష్ణప్రసాద్ ఇంట్లో విందులో అందరి ముందూ అదే అన్నాను. తప్పా?”

“ఇరవైమంది ఉన్నారు. గిన్నె తీసుకెళ్ళి సింకులో ఒంపారు.”

“ఇంకా అదేనా! దేవుడు నీ పక్షానే ఉన్నాడుగా. కోవిడ్ వచ్చి నా ముక్కూ నాలుకా రెండూ పోయాయి. ఐదు నెలలు! ఏం తిన్నా మట్టే. నీకు పండగ.”

“ఏడాది పట్టచ్చన్నారుగా జీపీ డాక్టరు.”

“ఏడాదా! కంచం ముందు కూర్చుంటే ఏడుపొస్తోంది గిరిజా... సరే, వడ్డించు. ఇదేంటి, చారా?”

“కలుపుకోండి. మీగడ వేశాను.”

“నల్లగా ఉంది. ఉలవచారే! ఈ లాక్‌డౌన్‌లో ఉలవలెక్కడివి?”

“తినండి.”

“ఆగు.”

“ఏమైంది?”

“మాట్లాడకు. ఇంకో గరిటె పొయ్యి... గిరిజా! తెలుస్తోందే! ఉలవ వాసన! పులుపు, చింతపండు పులుపు!”

“నిజంగానా?”

“ఒట్టు! కళ్ళల్లో నీళ్ళు చూడు. అచ్చం మా అమ్మ చారే! వచ్చేసింది, నా నాలుక నాకొచ్చేసింది!”

“బాగుందా?”

“బాగుందంటే... ఉప్పు ఒక రవ్వ ఎక్కువైంది.”

“ఎక్కువైందా?”

“మొహం అలా పెట్టకు. ఇన్నాళ్ళూ ఏం తగలేసినా చెల్లింది. రేపట్నుంచి కుదరదు. నా ఫోనేదీ? కృష్ణప్రసాద్‌కి చెప్పాలి.”

“ఇప్పుడే ఎందుకండీ? ఇంకో రెండ్రోజులు చూసి...”

“చూసేదేముంది! హలో, కృష్ణప్రసాద్! స్పీకర్లో పెట్టాను. నాకు రుచి వచ్చేసిందయ్యా!”

“గ్రాండ్, పద్మనాభంగారూ! ఏం తిన్నారేంటి?”

“మా ఆవిడ ఉలవచారు! మీ ఇంట్లో సింకులో ఒంపానే, అదే. ఉప్పొక్కటి తప్పితే వంక పెట్టడానికి లేదు. గిరిజా, మొద్దులా నిలబడతావేం? నువ్వే చెప్పు.”

“నేను చెప్పనా?”

“చెప్పు, చెప్పు.”

“అన్నయ్యగారూ, ఉలవలు మా ఇంట్లో క్రిస్మస్‌కే అయిపోయాయండీ. ఈయన తిన్నది చేపల గింజలు ఉడికిన నీళ్ళు. చింతపండు లేదు. ఉప్పూ వెయ్యలేదు.”