చీమల పేపరుకి ఇంకొక్కరు

అబ్బబ్బ, మళ్ళీ ఆ పేజీయేనా! పొద్దున్నించీ చూస్తున్నా. టీ చల్లారిపోయింది, మీరు మాత్రం ఆ అంకె మీంచి కళ్ళు తిప్పరు. పొయ్యి మీది పాలకి కాపలా ఉన్నట్టు కూర్చుంటే పెరుగుతుందా అది?

తెలుసండీ, తెలుసు. ప్రొఫెసర్ కావాలంటే పన్నెండు పరిశోధన పేపర్లుండాలి, ఒక్కోదాన్నీ కనీసం పన్నెండుమంది తమ పేపర్లలో ప్రస్తావించాలి. పదకొండు గట్టెక్కాయి. మిగిలింది మీ చీమల పేపరు. దానికి పదకొండుమందే. ఈ నెలాఖరుకి ఇంకొక్కరు తగలకపోతే మళ్ళీ మూడేళ్ళు ఆగాలి. నిద్రలో కూడా ఇదే కలవరిస్తుంటే నాకు తెలియదూ?

సరేగానీ, ఆ పదకొండుమందిలో మీ పేపరు నిజంగా చదివిందెవరు? అలా చూడకండి! ఒకాయన మీ చీమల్ని చెదలన్నాడు. ఇంకొకావిడ మీ ఇంటిపేరే మార్చేసింది. అయినా లెక్కలోకి వచ్చారని మీరు కిక్కురుమనలేదు.

ఏంటీ, పాత స్నేహితుడికి ఫోన్ చేసి ప్రస్తావించమని అడుగుతారా? ఛీ, వద్దు. ఆ ఫోన్ అక్కడ పెట్టండి. ఒక మాట చెప్తాను, కోప్పడకూడదు.

మట్టి తేమ మీద నా పేపరుందే, దాన్ని నిన్న పత్రికవాళ్ళు ఒప్పుకున్నారు. వచ్చే వారం అచ్చవుతుంది. అందులో మీ చీమల పేపరుని ప్రస్తావించాను.

అయ్యో, ఆగండి, అప్పుడే ఎగరకండి! ఆఁ, భార్యయినా లెక్కకొస్తుంది. కలిసి రాసినవాళ్ళనే లెక్కలోంచి కొట్టేస్తారు. మనం కలిసి రాసిందెక్కడ? పెళ్ళయిన కొత్తలో ఎవరి పేరు ముందుండాలని మొదటి పేజీ దగ్గరే పోట్లాడుకున్నాం కదా. ఆ పోట్లాట ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

మరి, అందులో ఏం రాశానో అడగరేం?

వాన రాబోతే చీమలు గాలిని పసిగట్టి గుడ్లు మోసుకుపోతాయని మీరన్నారు. గాలిని కాదండీ. కింద మట్టి చెమ్మెక్కితే కదులుతున్నాయి. మీరు చెప్పింది తప్పని రాశాను. నాలుగో పేజీలో, మీ పేరుతో సహా.

దాచేద్దామనుకున్నా. భయమేసింది కూడా. మీ పేపరు మళ్ళీ మళ్ళీ చదివాను, ఎక్కడో ఒకచోట మీరే గెలుస్తారేమోనని. ఒట్టు, మీరు గెలవాలనే చదివాను.

మెచ్చుకున్నా ఒకటే, తప్పన్నా ఒకటేనట ఆ లెక్కకి. చెదలన్న ఆయనా ఒకటే, కూర్చుని అక్షరం అక్షరం చదివిన నేనూ ఒకటే. ఏం చేస్తాం!

మూతి ముడుస్తున్నారేం, ప్రొఫెసర్ గారూ? సరే, ముందు సంతోషించి తర్వాత అలగండి. టీ మాత్రం నేను మళ్ళీ వేడి చెయ్యను.