నెల నిండకముందే

హాస్టళ్లలో కంప్యూటర్లు లేని రోజులవి. పాకాల నుంచి కూతుర్ని చూసిపోదామని వచ్చిన తల్లి, తిరుపతిలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో ఆ పిల్ల పక్కన ఇరుక్కుని కూర్చుంది. మెడిసిన్ మొదటి ఏడాది చదివే కూతురికేమో తెర మీద నడుస్తున్న వీడియో పాఠం ఎప్పుడు అయిపోతుందా అని ఉంది.

“అయ్యవారు లేకుండా ఇదేం చదువు పాపా?”

“సారే దీంట్లో సూడమన్నాడుమా. నాకూ తలకెక్కదు. అనుమానమొస్తే ఎవురిని అడిగేది? పరీక్షకు బట్టీ కొట్టేదే.”

“ఆ చిక్కుడుగింజ మాదిరుండే బొమ్మ ఏంది?”

“కడుపులో బిడ్డ.”

“దాని నడాన ఏందో కదలతా ఉండాదే!”

“గుండెమా. కొట్టుకుంటా ఉండాది.”

“ఎన్నో నెలకు?”

“నెల నిండకముందే మొదలవతాది.”

తల్లి తెర దగ్గరికి వంగింది.

“మూడో నెలకు కాళ్లూ చేతులూ వచ్చేసుంటాయా?”

“వేళ్లు కూడా వచ్చేసుంటాయి. ఎందుకుమా?”

“నీకంటే ముందు ఒకటి మూడో నెల్లో పోయింది. వట్టి నెత్తురుగడ్డ, దానికేం ఏడస్తావన్నారు అందురూ. నేనూ ఏడవలా.”

కూతురికి ఇన్నేళ్లూ ఆ సంగతే తెలియదు. మౌసు మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

“దానికీ గుండె ఇట్లే కొట్టుకునుంటాదా పాపా?”

“కొట్టుకునే ఉంటాదిమా.”

“నా కడుపులోనే!” తల్లి పొట్ట మీద అరచెయ్యి ఆనించుకుంది. “నాకు తెలీకుండానే!”

పాఠం అయిపోయి తెర నల్లబడింది.

“ఇంగొక తూరి పెట్టు పాపా. అప్పుడు దాన్ని సూడనేలేదు నేను.”