జాబెజ్ కాల్చని రిబ్బను

ఆ జడకేంటే ఎమ్మీ, కొత్త రిబ్బనా? ఇలా రా, ఓసారి పట్టుకోనీ. ఊఁ... మా జాబెజ్ అన్నయ్య ఉంటే కళ్లు మూసుకుని వేలితో ఇలా రాసి ఏ ఊరి నేతో చెప్పేసేవాడు. ఎవరా? మీ అమ్మకి మేనమామే, నువ్వెరగవులే. అప్పట్లో మన కవెంట్రీలో ఇంటింటికీ పైఅంతస్తులో రిబ్బన్లు నేసే మగ్గమే. పొద్దున లేస్తే వీధంతా టకటకా. మా నాన్న పోయాక ఆ మగ్గం మీదే అన్నయ్య నన్నూ చెల్లినీ సాకాడు. పెళ్లి కూడా చేసుకోలేదు పాపం, ఆ బేకరీ పిల్ల ఉండేది కానీ... సరే, అది వేరే సంగతి. ఏం చెప్తున్నా? ఆఁ, పైదేశపు గోధుమల మీద సుంకం ఎత్తేసినప్పుడు రొట్టె చవకవుతుందని వీధిలో గంతులేశాడు. మేమూ వేశాం. ఆకలి తీరుతుందంటే ఎవరు ఎగరరు చెప్పు? కొన్నేళ్లకి ఫ్రాన్సు రిబ్బన్ల మీదా ఎత్తేశారు. ఇంకేముంది, లండన్ దొరసానులందరికీ అవే కావాలి. మన సరుకు అడిగే నాథుడు లేడు. మగ్గాలన్నీ ఆగిపోయాయి.

ఆ చలికాలం మా వీధి మూల మీద మంట వేశారు, దొరికిన ఫ్రెంచి రిబ్బనల్లా అందులో పడెయ్యాలని. పక్కింటి ఓబెడ్ లేడూ, నోరు పెద్దది వాడికి, ఒకటి తెచ్చి అన్నయ్య చేతిలో పెట్టి, "వెయ్యి జాబెజూ, నీ నోటికాడ కూడు లాక్కున్నది ఇదే" అన్నాడు. అన్నయ్యేమో దాన్ని వెలుగుకి పట్టి, అంచు తడిమి చూశాడు. "ఇంత బాగా నేసినవాణ్ణి తిట్టడానికి నోరు రావట్లేదురా. గోధుమలొచ్చినప్పుడు చప్పట్లు కొట్టాం కదా, మన రైతులేమయ్యారని అడిగామా?" అన్నాడు. రిబ్బను చుట్టి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చేశాడు. అంతే, ఆ రోజునుంచి ద్రోహి. పని లేనివాళ్లకి గంజి పోసే చోట కూడా తన పక్కన ఎవరూ నిలబడేవాళ్లు కాదు.

జనవరిలో బొగ్గు లేదు. మా చెల్లికి ఒకటే దగ్గు. అన్నయ్యే మగ్గం విప్పాడు. ఒక్కో కర్రా పొయ్యిలో పెట్టాడు, మా నాన్న చేతికి అరిగి నున్నబడ్డ కర్రతో సహా. నేను ఏడుస్తుంటే "వెచ్చగా ఉందిగా" అన్నాడు. చెల్లి దక్కలేదు. ఆ దగ్గే అన్నయ్యకీ అంటుకుంది. పోయాక, నోరు తెరుచుకోకుండా గడ్డం కింద నుంచి కట్టడానికి రిబ్బను కోసం చూస్తే, రిబ్బన్లు నేసిన ఇంట్లో, మేం నేసింది ఒక్కటీ లేదే తల్లీ. అన్నీ అమ్ముకు తిన్నాం. తన జేబులో దాచుకున్న ఆ ఫ్రెంచిదే తీసి కట్టాను. చాలా మెత్తగా ఉంది.

నీదీ మంచి నేతే. ఎక్కడిదే ఇది? వద్దులే, చెప్పకు. రొట్టె ఆరిపోతోంది, తిను.