ఆల్చిప్పల బల్ల దగ్గర

అబ్బ, కదలకండి! కుట్లు తెగుతాయని నర్సమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పి వెళ్ళిందా లేదా? అయినా మీరు ఎప్పుడు ఎవరి మాట విన్నారు గనక. ఆ ఎడమ చెయ్యి దిండు మీదే ఉంచండి. నేనేం ముట్టుకోనులెండి.

భయపడుతున్నారు కదూ? నా వంక అదోలా చూస్తున్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఇది నాకు కొత్తండీ.

బయట పోలీసావిడ కూచుని ఉంది. మీరు తేరుకోగానే లోపలికొస్తుందట. మీరేం చెబుతారో నాకు తెలీదా? "కత్తి జారింది" అంటారు. నమ్మేస్తారు కూడా. ఆ హోటల్లో ఎవరో ఒకరు చెయ్యి కోసుకుంటూనే ఉంటారట, గోడకి అంత పెద్ద మందుల పెట్టె అందుకే తగిలించారట. కట్టుకున్న పెళ్ళాం పొడిచిందని చెప్పుకుంటే మీ పరువేం కాను!

అసలు అక్కడికి పోదామన్నది ఎవరండీ? నేనా? ఊరు చూద్దామని వచ్చాం, ఏ సందులోనో ఇంత తినేసి గదికి పోదాం అన్నాను. వింటేగా! "ఈ ఊరొచ్చి ఆ ఆల్చిప్పలు తినకపోతే రానట్టే, ఫోన్లో అందరూ అదే రాశారు" అని నడినెత్తిన ఎండలో లైన్లో నిలబెట్టారు. ముందున్న వాళ్ళతో, వెనకున్న వాళ్ళతో ఒకటే కబుర్లు. పాలసీలు అంటగట్టేటప్పుడు నవ్వుతారే, ఆ నవ్వు. ఎంత మంచాయనో అనుకుని ఉంటారు పాపం.

తీరా లోపలికెళ్తే అక్కడి పద్ధతే వేరు. వాళ్ళు విప్పి ఇవ్వరు. పొడుగాటి చెక్క బల్ల ముందు కూచోబెట్టి, మంచుముక్కల మీద ఆల్చిప్పలు పోసి, మందపాటి గుడ్డా, జంటకి ఒకే పొట్టి కత్తీ చేతికిస్తారు. ఎవరివి వాళ్ళే విప్పుకోవాలి. బల్లకి అవతల నిలబడ్డావిడ ఒకటి విప్పి చూపించింది. వెనకవైపు కీలులో మొన గుచ్చి, మణికట్టు తిప్పాలంతే, లోపలి మెత్తటి మాంసం నిమ్మకాయ పిండుకుని పచ్చిదే తినాలి. చిప్ప పగలకుండా విప్పిన వాళ్ళకి ఆవిడ గంట కొడుతుంది, హోటలంతా చప్పట్లు. సరదా!

మీది పగిలింది. రెండోదీ పగిలింది. పెచ్చులన్నీ చొక్కా మీదే. వంటింట్లో ఓ సీసా మూత తిప్పి ఎరగరు, మీకెక్కడ చాతనవుతుంది? నాకేమో పొద్దస్తమానం కత్తెర పట్టే చేతులాయె. కోటు గుడ్డలు కత్తిరించేదాన్ని, నాకిదో లెక్కా? టక్కున విడింది. ఆవిడ గంట కొట్టింది. ముక్కూ మొహం తెలీని వాళ్ళు లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు. నిజం చెప్పొద్దూ, పొంగిపోయానండీ. చిన్నపిల్లలా పకపకా నవ్వాను.

అదీ నేను చేసిన నేరం.

మీరూ నవ్వారు. నవ్వుతూనే బల్ల కింద నా ఎడమ చెయ్యి అందుకున్నారు. చిటికెన వేలు వెతికి పట్టుకున్నారు.

ఈ సంగతి ఎవరికి తెలుసు చెప్పండి? పెళ్ళిళ్ళలో, మీ ఆఫీసు విందుల్లో, మా అన్నయ్య ఇంట్లో... పైన నవ్వు, కింద నా వేలు వెనక్కి విరవడం. నేను కిక్కురుమనకూడదు. అన్నానంటే ఇంకాస్త వంచుతారు. ఓసారి పుటుక్కుమంది. బీరువా తలుపులో పడిందని డాక్టరుకి మీరే చెప్పారు, నేను తలూపాను. అప్పట్నించీ ఆ వేలు వంకరే. కుట్టుపని చేసుకు బతికేదాన్ని, దారం బిగించిన ప్రతిసారీ ప్రాణం లేచిపోతుంది.

ఇవాళా అదే వేలు. "చాలా సంబరంగా ఉందే" అన్నారు చెవిలో. గంట కొట్టినావిడతోనేమో "మా ఆవిడ చెయ్యి మహా చురుకండీ" అన్నారు. మాట పూర్తికాకుండానే విరిగింది. నాకు వినబడింది, మీకూ వినబడే ఉంటుంది. అయినా మీ నవ్వు చెక్కుచెదరలేదు.

కానీ నా కుడి చేతిలో కత్తుంది కదండీ! అది చూసుకోలేదు మీరు. మీ ఎడమ చెయ్యి బల్ల మీదుంది, నిమ్మచెక్క పట్టుకుని, దర్జాగా.

జారలేదండీ. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెత్తగా ఉంటుందే, అక్కడ చూసి మరీ పొడిచాను. మొండి కత్తి, ఊరికే దిగుతుందా? లేచి నిలబడి ఒంట్లో బరువంతా వేశాను. కింద చెక్క తగిలింది. అప్పుడు మణికట్టు తిప్పాను. లోపలేదో తెగింది. నరమట. ఆ బొటనవేలు ఇక సరిగ్గా వంగదని ఇందాక డాక్టరు చెప్పాడు.

ఎంత అరిచారండీ బాబూ! మీ గొంతు అంత పైకి లేస్తుందని నాకేం తెలుసు! మంచుముక్కలన్నీ ఎర్రబడ్డాయి. కుర్చీతో సహా వెనక్కి పడబోయారు గానీ, బల్లకి గుచ్చుకున్న చెయ్యే మిమ్మల్ని పట్టి ఆపింది.

ఏంటి, ఎందుకలా తలాడిస్తున్నారు? జారిందనే చెబుదామంటారా? ఇద్దరం ఒకే మాట మీద ఉందాం, మిగతాది ఇంటికెళ్ళాక చూసుకుందాం... అంతేగా?

ఆలస్యమైందండీ. ఆ పోలీసావిడకి నేను చెప్పేశాను. పొడిచానని చెప్పాను, ఎందుకో చెప్పాను, వేలు చూపించాను. ఆవిడ ఎక్స్‌రే తీయించింది. పాత దెబ్బ, కొత్త దెబ్బ రెండూ కనబడ్డాయట. నన్ను స్టేషన్‌కి తీసుకెళ్తారట, వెళ్ళే ముందు మీతో నాలుగు మాటలంటే గుమ్మం బయటే కూచుని ఒప్పుకుంది. తీసుకెళ్ళనివ్వండి. మీతో ఇంటికొస్తే అక్కడ నా కత్తెర ఉంది, అది మొండిది కాదు. ఈసారి చేతితో ఆగను. ఆ సంగతి నాకు ఇవాళే తెలిసింది.

ఆవిడ అడిగినవన్నీ చెప్పాను. ఒక్కటి మాత్రం ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. మీరు వినండి.

జనమంతా మీ చుట్టూ మూగారు చూడండి, గుడ్డలు చుడుతూ, కత్తి లాగొద్దని కేకలేస్తూ? నా వంక చూసే నాథుడు లేడు. నేను విప్పిన ఆల్చిప్ప నా పళ్ళెంలో అలాగే ఉంది. అంచున మీ రక్తం చుక్క. లోపలి మాంసం తీసి నోట్లో వేసుకున్నాను. మీరు అమ్మా అని గగ్గోలు పెడుతున్నారు, నేను నిలబడి నములుతున్నాను.

చల్లగా, ఉప్పగా, ఎంత బాగుందండీ! ఇంకోటి విప్పుకుందామనుకున్నాను గానీ, కత్తేమో మీ చేతిలో దిగబడి ఉందాయె.